వంగినప్పటి కొలత

జూన్ 11, బుధవారం

ఈ డైరీ దారాల హోల్‌సేల్ ఆయన జనవరిల ఇచ్చిండు. ఆర్నెల్ల సంది మిషన్ డ్రాయర్ల పడి ఉన్నది. ఇయ్యాల తీసిన. ఇయ్యాల జరిగింది ఎవరికన్న చెప్తె నవ్వుతరు. మా ఆయన ఆల్రెడీ నవ్విండు.

పదకొండింటికి సుమశ్రీ వచ్చింది. కాకినాడ పిల్ల, ఇరవై నాలుగేండ్లు, అమీర్‌పేటల హాస్టల్ల ఉంటది. అక్కడనే ఒక ఇన్‌స్టిట్యూట్ల పొద్దుగాల ఏడింటి బ్యాచ్‌కు టెస్టింగ్ టూల్స్ చెప్తది. రెండేండ్ల సంది దాని కుర్తీలన్నీ నేనే కుడుతున్న. ఎప్పుడొచ్చినా చేతిల చిన్న కవరు ఉండేది. ఇయ్యాల భుజం మీద మనిషిని మోసుకొచ్చినట్టు పెద్ద నీలం బ్యాగు. మెట్రోల సెక్యూరిటీ ఆయన బ్యాగు తెరిపిచ్చి, ఇందుల ఎవరున్నరమ్మా అని అడిగిండంట.

తీస్తె తోలు డ్రెస్సు. మెడ కాడి నుంచి మడిమ దాక ఒకటే ముక్క. నల్లది, ఎర్ర పట్టీలు. మోచేతులకు, మోకాళ్లకు, భుజాలకు లోపల గట్టి చిప్పలు. వీపు మీద గూని. ఎత్తితె ఐదు కిలోల బియ్యం సంచంత ఉన్నది.

గిదేంది బిడ్డా, నాటకాల వేషమా అన్న. బైక్ రేసింగ్ సూట్ అండీ అన్నది. ఎవరిది అన్న. ఇక నుంచి నాదే అన్నది.

అయ్యో రామా. రెండేండ్ల సంది దాని కొలతలు తీస్తున్న. కుడి భుజం ఎడమదానికంటె అరంగుళం పైకుంటది. బ్యాగు మోసీ మోసీ అట్లయింది అనుకున్న. కాలర్ బోన్ విరిగి అతికిందంట. శుక్రవారం సాయంత్రం బస్సెక్కి చెన్నైకో కోయంబత్తూరుకో పోతదంట, రెండు రోజులు ట్రాక్ మీద బండి నడిపి సోమవారం ఏడింటికి మళ్ల బోర్డు ముందట నిలబడతదంట. నేనేమో వీకెండ్ ఊరికి పోతుందిలే అనుకునేదాన్ని.

సంగతేందంటె, పుణె టీం ఒకటి ఈ ఏడు ఒక్క ఆడపిల్లను తీసుకుంటదంట. రెండు సెలెక్షన్లు. జూలై 12, ఆగస్టు 9. రెండిట్ల కలిపి ఎవరి బెస్ట్ టైం తక్కువుంటె వాళ్లకే సీటు. సీటొస్తె బండి వాళ్లది, టైర్లు వాళ్లవి, మెకానిక్ వాళ్లోడు, సీజన్ మొత్తం నేషనల్స్ ఆడొచ్చు. రాకపోతె? రాకపోతే అంతేనండీ, వచ్చే ఏడు పాతికొస్తాయి, ఇంకెవరూ పిలవరు అన్నది. నవ్వుకుంటనే అన్నది.

సూటు దాని కోచ్ ప్రమోద్‌ది. పంజగుట్టల గ్యారేజ్ ఉన్నదంట. మగమనిషి సూటు దీనికి వదులు. వదులుంటె పడ్డప్పుడు లోపలి చిప్పలు పక్కకు జరిగి ఎముక పోతదంట. కొత్తది ఆర్డరిస్తె నాలుగు నెలలు. అందుకని నా కాడికి తెచ్చింది. నాకు తోలు రాదు బిడ్డా, నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని అన్న. నాకు ఇంకెవరు తెలుసు ఆంటీ అన్నది.

పెట్టిపో అన్న. ఎందుకన్ననో.

మా ఆయన ఎల్లేశం మూలకు కూసొని చీరెకు ఫాల్ కుడుతుండు. పిల్ల పోయినంక, కందకు లేని దురద కత్తిపీటకెందుకే అన్నడు. చిప్పల తోలు జాకెట్ మీద మగ్గం వర్క్ సుత చేస్తవా అని అడిగిండు.

జూన్ 12, గురువారం

సూటును హ్యాంగర్‌కు తగిలిస్తె హ్యాంగర్ విరిగింది. బల్ల మీద పరిచిన.

బట్ట చూస్తె మనిషి తెలుస్తడు. ఇరవై ఏండ్లు ఊరికెనే కూసోలే ఈ మిషన్ ముందట. ఈ సూటు ఎడమ మోచేయి కాడ ఒక మాటు, కుడి తుంటి మీద ఒక మాటు, మోకాలు మీద మూడు. ఒక్కొక్కటి ఒక్కొక్క చెయ్యి కుట్టింది. ఒకటి మంచిగ కుట్టిండు, ఒకటి ఎవడో చెప్పులు కుట్టే దారంతోని గబగబ లాగిండు, ఎల్లుండి మళ్ల రేస్ ఉన్నట్టు. అన్నీ రోడ్డుకు గీసుకుపోయి చినిగినయే. తోలు పోగులు పోగులుగ లేచి ఉన్నది.

ఒక్కటి మాత్రం చినిగింది కాదు. ఎడమ భుజం నుంచి ఛాతీ దాక జానెడున్నర. సాఫ్‌గ, సీదాగ. చినిగితె అంచు వంకర పోతది. ఇది కత్తెర. నా జీవితమంత కత్తెర పట్టిన, నాకు తెల్వదా? దాన్ని ఎవరూ కుట్టలే. ఊరికెనే లోపల నుంచి టేప్ అంటిచ్చిండ్రు.

మంచి తోలును ఎవరన్న ఎందుకు కోస్తరు, ముందట జిప్పు ఉండగ?

జూన్ 14, శనివారం

మూడు సూదులు విరిగినయి. నా మిషన్ ఏడ్చింది. నేను సుత.

జూన్ 16, సోమవారం

బుచ్చయ్య మామ కాడికి పోయిన. మా సిరిసిల్ల ఆయనే, పంజగుట్టల బండి సీట్లకు కవర్లు కుడతడు. ఆయన మిషన్ ఎడ్లబండి తీరు పెద్దది, తోలైనా రెగ్జినైనా కచకచ పోతది. దారం నైలాన్, లావుది.

మామకు సూటు చూపిస్తె అద్దాలు సవరించుకొని చాలాసేపు చూసిండు. తర్వాత ఒక్క మాట చెప్పిండు. బట్ట మాఫ్ చేస్తది కోడలా, తోలు మాఫ్ చెయ్యది అన్నడు. బట్టను తప్పు కుడితె విప్పి మళ్ల కుట్టొచ్చు. తోలుకు సూది పడ్డదంటె ఆ బెజ్జం జిందగీ మొత్తం ఉంటది. అందుకే ముందు చూసుకో, తర్వాత సూది దించు అన్నడు.

మధ్యాహ్నాలు రెండు గంటలు మిషన్ నాకిస్తడంట. యూసుఫ్‌గూడ నుంచి ఆటోల పంజగుట్ట, ఒళ్లె తోలు మనిషిని పెట్టుకొని. ముహూర్తాలు లేని దినాలు కాబట్టి సరిపోయింది. ఆషాఢం వస్తుంటె జాకెట్లెవరు కుట్టిపిచ్చుకుంటరు.

జూన్ 25, బుధవారం

సుమ చాయ్ తాగనీకె వచ్చింది. నాలుగు ఇరానీ సమోసాలు తెచ్చింది, మూడు అదే తిన్నది. నేను అడిగిన. ఈ పనిల ముందట ఏముంటది, ఎక్కడి దాక పోతరు?

మెట్లు చెప్పింది. ఫస్టు ఒకే రకం బండ్ల రేస్, అందరికీ ఒకటే బండి, దమ్మున్నోడు ముందుకొస్తడు. అది గెలిస్తె నేషనల్స్. నేషనల్స్‌ల రెండు మూడేండ్లు నిలబడితె ఆసియా రేసులు, మలేషియా, థాయ్‌లాండ్, జపాన్. అక్కడి నుంచి ప్రపంచం దాక పోయినోళ్లు వేళ్ల మీద లెక్క. బయటి దేశాలల్ల ఐదేండ్లకే చిన్న బండి ఎక్కిస్తరంట. మనోళ్లు లైసెన్స్ వచ్చినంక మొదలువెట్టి వాళ్లతోని పోటీ పడాలె. ఇది ఇరవై రెండుకు ఎక్కింది. ఆఫీస్ కొలీగ్ బండి మీద అనంతగిరి గుట్టలకు పోయి, మలుపుల అందరినీ దాటేసిందంట. అప్పుడు ఎవరో ప్రమోద్ నంబర్ ఇచ్చిండ్రు.

మరి ముప్ఫై దాటినంక అన్న. కొందరు కోచ్‌లవుతారు ఆంటీ, కొందరు కంపెనీలకి టెస్ట్ రైడర్లు, కొందరు మెకానిక్‌లు, కొందరు ఏమీ కారు, మామూలుగా ఉద్యోగాలు చేసుకుంటారు, కానీ వాళ్లు నడుస్తుంటే తెలుస్తుంది అన్నది. ఎట్ల తెలుస్తది అన్న. కొంచెం కుంటుతారు కదండీ అని పగలబడి నవ్వింది.

వాళ్లమ్మ అరుణాదేవి గారికి అన్నీ తెలుసంట. రోజూ ఫోన్ చేసి ఒక్కటే అడుగుతదంట, ఏం తిన్నవు అని. బండి గురించి ఒక్క మాట అడగదంట. నేను ఆమెను ఎన్నడు చూడలే, గని పాపం అనిపిచ్చింది.

జూలై 1, మంగళవారం

బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. రోడ్లన్నీ బంద్. నడుచుకుంట పోయి సూటు పని చేసొచ్చిన, దారిల తల్లికి ఒక దండం పెట్టిన, పిల్ల పేరు చెప్పి.

జూలై 9, బుధవారం

అయిపోయింది! నా చెయ్యి నేనే ముద్దు పెట్టుకోవాలె.

నడుము కాడ మొత్తం లోపలికి తీసిన. భుజాలు దించిన. వీపు కింద జానెడు ఉబ్బు ఉండె, వదులుగ, కుర్చీల కూసొని లేచిన చీరె తీరు. దాని మీద లాస్టిక్ పెట్టి ముడతలు ముడతలు కుట్టి ఉన్నది, పాతదైపోయి సాగిందనుకున్న. అదంతా తీసేసి చదును చేసిన. గూని సుత తీసేద్దామనుకున్న గని సుమ లబోదిబోమన్నది, గాలి కోసమంట.

తొడిగి అద్దం ముందట నిలబడితె ఏమున్నది పిల్ల! ఒక్క ముడత లేదు. ఒంటికి పోతపోసినట్టున్నది. పక్క షాపు మొబైల్ రిపేర్ ఆయన తొంగి చూసిండు. మా ఆయన ఫాల్ పక్కకు పెట్టి, మంచిగున్నదే అన్నడు. ఈయన నోటెంట ఆ మాట రానీకె ఇరవై రెండేండ్లు పట్టింది.

సుమ కొంచెం వంగి, బిగుతుగా ఉంది ఆంటీ అన్నది. తోలు కదా, రెండు రోజులేసుకుంటె సాగుతది అన్న. బస్సు టైం అయిందని బ్యాగుల పెట్టుకొని ఉరికింది.

కత్తెర కోత మాత్రం కుట్టలే. ఎందుకో చెయ్యి రాలే. టేప్ మీద ఇంకో టేప్ వేసిన.

జూలై 12, శనివారం, సాయంత్రం 5

ఫోన్ వచ్చింది. ఐదుగురు పిల్లల్ల సుమ ఐదోది.

జూలై 12, శనివారం, సాయంత్రం 6.30

మళ్ల చేసిన. ముందు చెప్పలే, బండి మంచిగ లేదు, ఎండ అన్నది. నాకు దాని గొంతు తెలుసు. నిజం చెప్పు అన్న. అప్పుడు చెప్పింది. బండి మీద పడుకున్నట్టు వంగాలంట, గడ్డం ట్యాంక్‌కు ఆనాలంట. నా సూటు వంగనియ్యలే. వీపు పట్టేసింది. తల ఎత్తితె మెడ కాడ కోస్తుంది, ఊపిరి ఆడలేదంట. మలుపు కంటె ముందు చూడాలె, చూడలేకపోయింది. నిటారుగ కూసొని నడిపిందంట, గాలిల గోడ తీరు.

మీ తప్పు కాదు ఆంటీ, నేనే ఇక్కడ బండెక్కి చూసుకోవాల్సింది అన్నది.

నా తప్పే. నేను నిలబడ్డ మనిషికి కుట్టిన.

జూలై 13, ఆదివారం

మిషన్ మీద గుడ్డ కప్పి పడుకున్న.

జూలై 14, సోమవారం

ప్రమోద్ వచ్చిండు. నలభై దగ్గర ఉంటడు, బక్కగ, గ్రీసు చేతులు. ఎడమ చెయ్యి భుజం పైకి లేవదు. నమస్తె అక్కా అనుకుంట కుడి చెయ్యి ఒక్కటే ఎత్తిండు.

తిట్టనీకె వచ్చిండనుకున్న. తిట్టు తమ్ముడూ, పడతా అన్న. ఆయన సూటు బల్ల మీద పరిచి నా కుట్టంతా వేళ్లతోని తడిమిండు. రెండు వరసలు, సమానంగ. అక్కా, ఇంత మంచి కుట్టు నా సూటుకు ఎన్నడు పడలే అన్నడు. గని రేసర్ నిలబడడు. నిలబడితె వాడు రేసర్ కాదు, ఫొటోల ఉన్నోడు అన్నడు. ఈ సూటు నిలబడితె గలీజ్‌గ ఉండాలె, వీపు ఉబ్బాలె, చేతులు ముందటికి వంగి ఉండాలె. వంగినప్పుడే సరిపోవాలె. ఆ ఉబ్బు వదులు కాదు, వంగినప్పుడు వీపు పొడుగైతది, దాని కొరకు దాచిన తోలు. ఆ లాస్టిక్ ముడతలు అందుకే.

నాకు సిగ్గయింది. ఇరవై ఏండ్ల సంది ఆడోళ్లను అద్దం ముందట సీదా నిలబెట్టి, ఊపిరి పీల్చు, చేతులు దించు అని కొలతలు తీస్తున్న. మనిషి పని చేసేటప్పుడు ఎట్లుంటదో ఒక్కనాడు కొలవలే.

ఇంకొక సెలెక్షన్ ఉన్నది. అప్పటికి ఇరవై ఆరు రోజులు. విప్పుదామంటె బుచ్చయ్య మామ మాట గుర్తుకొచ్చింది. సూది బెజ్జాలు పోవు. ఆ అంచులల్ల మళ్ల కుడితె తపాలా బిళ్ల తీరు చినుగుతది. కోసేసి కొత్త తోలు వెయ్యాలె. ఆ మందం తోలు హైదరాబాద్‌ల ఎక్కడ దొరుకుతది? ప్రమోద్ ఆలోచన చేసిండు. నేను చూస్తా అక్కా అని పోయిండు.

జూలై 16, బుధవారం

గల్లీ మొత్తం తమాషా చూసింది ఇయ్యాల.

సుమ బండి తెచ్చింది. షాపు షట్టర్ మొత్తం పైకెత్తి, కటింగ్ బల్ల బయట పెట్టి, బండిని లోపలికి తోసి స్టాండ్ వేసినం. ప్రమోద్ ముందటి చక్రం పట్టుకున్నడు. సుమ ఎక్కి వంగింది. చెన్నైల ఎట్ల వంగుతవో అట్లనే వంగు అన్న.

అది వంగినంక నేను దాని మొఖం చూసిన. రెండేండ్ల సంది చూస్తున్న పిల్ల కాదు. ఎవరు పిలిచినా పలకదు. కండ్లు ఎక్కడనో రెండు వందల గజాల దూరం మీద ఉన్నయి, మా గోడకవతల, ఆ అపార్ట్‌మెంట్లకవతల. ఒళ్లంతా కదలకుండ, మోకాలు ఒక్కటే బయటికి తెరుచుకున్నది. ఈ పిల్ల రేపు ఏడింటికి పోయి బోర్డు మీద టెస్ట్ కేసులు రాస్తదంటె ఎవరు నమ్ముతరు.

కింద కూసొని, పక్కకు వంగి, బండి చుట్టూ తిరిగి కొలిచిన. రాసుకున్న:
మెడ నుంచి నడుము దాక, నిలబడితె పదహారు. వంగితె ఇరవైన్నర.

నాలుగున్నర అంగుళాలు. నేను కోసేసింది అదే.

మా గల్లీ సరళ ఆంటీ వాళ్ల కోడలు జాకెట్ తీసుకోనీకె వచ్చి, ఇది బైక్ షోరూమా టైలర్ షాపా అని అడిగింది. మా ఆయన, జాకెట్లు సుత ఇప్పటి నుంచి బండెక్కిచ్చే కొలుస్తం అన్నడు. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన, నాలుగు రోజుల తర్వాత.

జూలై 20, ఆదివారం

పంజగుట్ట పోయిన, ప్రమోద్ గ్యారేజ్‌కు. ఫ్లైఓవర్ వెనక సందుల, రెండు బండ్లు పట్టేంత జాగ. గోడ మీద గెలిచిన కప్పులు లేవు, పానలు ఉన్నయి. కప్పులు ఏవి అన్న. అమ్మ కాడ బియ్యం డబ్బాల పక్కన ఉన్నయక్కా అన్నడు.

ఒక ప్యాంటు తీసిండు. తోలుది. ఆయన ఫస్టు సూటు, పై భాగం పోయింది, ప్యాంటు మిగిలింది. ఇదే మందం, ఇదే రకం. దీంట్ల నుంచి తీయి అన్నడు.

నేను అడిగిన. సూటు మీద కత్తెర కోత ఎవరిది?

కాలు మీద కాలేసుకొని మొదటి నుంచి చెప్పిండు. పద్దెనిమిదేండ్లప్పుడు కొరియర్ బాయ్. పంజగుట్ట నుంచి బేగంపేట, అక్కడి నుంచి సికింద్రాబాద్, కవర్లు. లంచ్ టైం ట్రాఫిక్‌ల అందరికంటె ముందు పోయేటోడంట. ఒక మెకానిక్ చూసి, చచ్చే బదులు ట్రాక్ మీదకు పో అని తోలిండు. మొదటి రేసుల ఆఖరు. రెండో ఏడు మూడోడు. ఆ తర్వాత నేషనల్స్‌ల నాలుగేండ్లు. మోచేయి మాటు అప్పటిది, తుంటి మాటు ఇంకో ఏడాదిది, మోకాళ్లవి లెక్క పెట్టలేదంట. ఒక్కొక్క మాటు మీద వేలు పెట్టి, ఏ మలుపు, ఎవరు వెనక ఉన్నరు, లేచినంక ఎన్నో ప్లేసుల వచ్చిండో చెప్తుండు. నేను బడిపిల్ల తీరు వింటున్న.

ఆసియా రేసుకు పిలుపొచ్చింది. ఒక రైడర్‌కు జ్వరం, ఆ జాగల. దానికి పదిరోజుల ముందు చెన్నై ట్రాక్ మీద ప్రాక్టీసుల పడ్డడు. భుజం మూడు ముక్కలు. ఆసుపత్రిల డాక్టర్ కత్తెర తెస్తుంటె, జిప్పు ఉన్నది సార్, జిప్పు తియ్యండి, పదిరోజులల్ల నాకు ఈ సూటు కావాలె అని మొత్తుకున్నడంట. వాళ్లు వినలే. వాళ్ల తప్పు లేదక్కా, వాళ్లకు మనిషి ముఖ్యం అన్నడు. కత్తెర చప్పుడు వినంగనే తెలిసిపోయిందంట, ఇగ అయిపోయిందని. భుజం నొప్పి కాదు, ఆ చప్పుడు.

మరి ఇప్పుడు బాధ లేదా అన్న. నా కాడ నేర్చుకున్నోళ్లు ఏడుగురు నేషనల్స్ ఆడిండ్రు, సుమకు సీటొస్తె ఎనిమిది అన్నడు. చూడనీకె బక్కగ ఉన్నడు గని, ఎంత మనిషి! చెయ్యి లేవకపోయినా నలుగురిని లేపుతుండు.

ప్యాంటు బల్ల మీద పరిచి కత్తెర ఆయనకే ఇయ్యబోయిన. ఆయన తీసుకోలే. నువ్వే కొయ్యి అక్కా అన్నడు. నేను కత్తెర పెట్టంగనే చాయ్ తెస్తా అని బయటికి పోయిండు. మూడు చాయ్‌ల టైం అయినంక వచ్చిండు, చాయ్ లేకుండ.

జూలై 29, మంగళవారం

శ్రావణం వచ్చింది, కొంప మునిగింది. వరలక్ష్మీ వ్రతానికి నలభై ఒక్క జాకెట్లు. పొద్దంతా జాకెట్లు, మధ్యాహ్నం పంజగుట్ట. నడుము లేస్తలేదు. మా ఆయన అన్నం వండుతుండు. కూరల ఉప్పు లేదని చెప్పలే, చెప్తె వండుడు బంద్ చేస్తడు.

ఆగస్టు 4, సోమవారం

వీపుల కొత్త పలక పడ్డది, లాస్టిక్ ముడతలతోని. బుచ్చయ్య మామ ఒక్కొక్క ముడత నాతోని కలిసి లెక్కపెట్టిండు. సూది దించే ముందు మూడు సార్లు చూసుకున్నం. మామ మిషన్ చక్రాన్ని చేత్తోనే తిప్పిండు, మోటర్ వెయ్యలే.

ఆఖరికి కత్తెర కోత కుట్టిన. మిషన్ మీద కాదు. చేతి సూదితోని, రెండు వరసలు, మధ్యల సన్న పట్టీ. నాలుగు గంటలు పట్టింది. వేళ్లు వాచినయి. ఎవరు చెప్పకున్నా తెలిసేటట్టు అది కనపడాలని ఎర్రదారం వాడిన.

సుమ వచ్చి తొడిగి నిలబడ్డది. ఎంత గలీజ్‌గ ఉన్నదో! వీపు ఉబ్బింది, చేతులు ముందటికి వేలాడుతున్నయి, కడుపు కాడ ముడతలు. నా షాపుల నుంచి ఇంత ఘోరమైన ఫిట్టింగ్ ఎన్నడు పోలే. బండెక్కి వంగింది. ఒక్క ముడత లేదు.

తల ఎత్తు అన్న. ఎత్తింది. ఊపిరి తీస్కో అన్న. తీసింది. ఆంటీ, ఏమీ వేసుకోనట్టు ఉంది అన్నది. ప్రమోద్ ఎర్రదారం మీద వేలు పెట్టి చూసిండు.

ఆగస్టు 8, శుక్రవారం

నలభై ఒక్కటీ ఇచ్చిన. నలభై ఒకటోదానికి హుక్కులు షాపు అరుగు మీద కూసొని కుట్టిన, ఆ జాకెట్ ఆమె పేరంటానికి వచ్చినోళ్లను ఇంట్ల కూసోబెట్టి తీసుకోనీకె వచ్చింది. నేను వ్రతం చేసుకోలే. తల్లికి తెలుసు నేను ఎక్కడున్ననో.

సుమ నిన్ననే పోయింది. ఇన్‌స్టిట్యూట్‌ల దాని బ్యాచ్ పిల్లలకు ఇప్పుడు తెలిసిందంట. బోర్డు మీద ఆల్ ది బెస్ట్ మేడమ్ అని రాసి ఫొటో పెట్టిండ్రు. ఈ పిల్ల దగ్గర చదువుకొని ఎంతమందో ఉద్యోగాలకు పోయిండ్రు. దాని ఉద్యోగం రేపు తేలుతది.

ఆగస్టు 9, శనివారం

పొద్దున 9.10. సూట్లు చెక్ చేసే ఆయన భుజం మీది ఎర్రదారం పట్టుకొని గుంజి గుంజి చూసిండంట. ఎవరు కుట్టిండ్రు అని అడిగిండంట. మా బ్లౌజుల ఆంటీ అని చెప్పిందంట. పాస్.

11.40. ఏం లేదు.

12.30. మా ఆయన ఫోన్ నా చేతిల నుంచి గుంజుకొని పక్కకు పెట్టిండు. రెండు నిమిషాలకు ఆయనే తీసి చూసిండు.

2.15. ప్రమోద్ ఫోన్. జూలై కంటె మూడున్నర సెకండ్లు తక్కువ. అందరికంటె తక్కువ. రెండు సెలెక్షన్లల్ల ఎవ్వరూ తియ్యని టైం.

సీటు దొరికింది!

నేను షాపుల ఏడ్చిన. బట్ట కొలతలియ్యనీకె వచ్చిన ఆమె, ఏమైందమ్మా ఎవరికేమైంది అని గాబరా పడ్డది. ఎవరికి ఏం కాలే, వంగింది, మంచిగ వంగింది అన్న. ఆమె కొలతలియ్యకుండ పోయింది.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. అరుణాదేవి గారు కాకినాడ నుంచి ఫోన్ చేసిండ్రు, నాకు. పూర్తిగ రెండు నిమిషాలు పండుగ మాటలు మాట్లాడి, అప్పుడు అడిగిండ్రు. విజయరాణి గారూ, ఆ కుట్లు గట్టివేనా అండీ?

గట్టివేనమ్మా అన్న. రెండు వరసలు వేసిన అని చెప్పిన. ఆమె సరేనండీ అన్నది. ఫోన్ మాత్రం పెట్టలే, నేను సుత పెట్టలే.

సెప్టెంబర్ 21, ఆదివారం, సాయంత్రం 6

సీజన్ మొదటి రేస్ ఇయ్యాల. టీం కొత్త సూటు ఇంకా రాలే. నేను కుట్టిందే వేసుకున్నది.

గల్లీల ఎంగిలిపూల బతుకమ్మ. ఆడోళ్లంత కొత్త జాకెట్లల్ల తిరుగుతున్నరు, సగం నేను కుట్టినయే, అన్నీ నిలబడ్డ కొలతలే. నన్ను రమ్మని మూడు సార్లు పిలిచిండ్రు.

నాలుగున్నరకు ఫోన్‌ల లైవ్ చూసిన. ఆరో లాప్‌ల సుమ నాలుగో ప్లేస్. దాన్ని పద్దెనిమిది మందిల గుర్తుపట్టనీకె నాకు నంబర్ అక్కర రాలే. అందరికంటె కిందికి వంగింది అదే. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.

ఏడో లాప్‌ల మలుపు కాడ దుమ్ము లేచింది. కెమెరా పక్కకు తిరిగింది.

సుమ ఎత్తదు. ప్రమోద్ ఎత్తడు. గంట దాటింది.

కాకినాడ నుంచి ఫోన్ మోగుతుంది. ఏం చెప్పాలె.

సెప్టెంబర్ 24, బుధవారం

సూటు వచ్చింది. సుమనే తెచ్చింది, నడుచుకుంట, కొంచెం కుంటుకుంట. ఎడమ భుజం మీద తోలు సగం మందం అరిగి తెల్లగైంది, ఎర్రదారం నల్లగైంది. ఒక్క పోగు తెగలే.

ఎక్కడా కత్తెర పడలే. జిప్పు తీసిండ్రు. ప్రమోద్ తీసిండు, ఒక్క చేత్తోని.

మళ్ల రేస్ అక్టోబర్ 11. ఎప్పటికియ్యాలె అన్న. తొమ్మిదో తారీఖుకు అన్నది.